పుదీనా పొలంలో బంగాళాదుంపలు

రెడ్‌మండ్‌లో ఏ పుట్టినరోజు పార్టీకి వెళ్లినా, పేపర్ ప్లేట్లో పులిహోర పెట్టుకుని నా పక్కన కూర్చున్న కుర్రాళ్లు మర్యాద కోసం అడిగే మొదటి ప్రశ్న ఒకటే.

"ఆంటీ, మీరు ఏ టీమ్‌లో రిటైర్ అయ్యారు?"

ఈ ఊళ్లో తెలుగు మనిషన్నాక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఏదో ఒక టీమ్‌లో పనిచేసి తీరాలని వాళ్ల నమ్మకం. "బంగాళాదుంపల టీమ్‌లో," అంటాను. జోక్ అనుకుని నవ్వుతారు. తీరా నిజమేనని తెలిశాక ఏమడగాలో తోచక ఇంకో గరిటె పులిహోర వేసుకుంటారు. మొన్న మాత్రం, కొత్తగా ఉద్యోగంలో చేరిన ఒక అమ్మాయి వదల్లేదు. "డాక్టర్లు చెప్తారు కదా ఆంటీ, ఒక కేసు ఉండేది అని. మీకు అలాంటివి ఉండవా?" అంది. ఉన్నాయమ్మా. ఆ గోలలో, కేక్ కోసే హడావిడిలో చెప్పలేకపోయాను. అందుకే ఇది రాస్తున్నాను.

రెడ్‌మండ్ ఉన్న ఈ రాష్ట్రమంటే వాన, పొడుగాటి చెట్లు, సాఫ్ట్‌వేర్ అనుకునేవాళ్లు ఒకసారి కొండలు దాటి తూర్పుకి డ్రైవ్ చేసి చూడాలి. అటువైపు వాన పడదు. గోధుమరంగు నేల, గాలి. నది నీళ్లు తోడి పోస్తే మాత్రం ఆ నేల ఏమడిగినా పండిస్తుంది. పొలాలన్నీ గుండ్రంగా ఉంటాయి. మధ్యలో ఒక ఇరుసు, దానికి చక్రాల మీద నడిచే పొడవాటి గొట్టం. అది గడియారం ముల్లులా తిరుగుతూ నీళ్లు చిమ్ముతుంది. దాన్ని పివట్ అంటారు. నేను అమెరికా వచ్చింది 2001లో. అప్పటినుంచి ఉద్యోగం మానేసేదాకా ఆ గుండ్రటి పొలాల మధ్యే ఉన్న ఒక చిన్న మొక్కల తెగుళ్ల ల్యాబ్‌లో పనిచేశాను. మా ఆయన అదే ఊళ్లో ఫ్రెంచ్ ఫ్రైస్ ఫ్యాక్టరీలో క్వాలిటీ చూసేవారు. ఆయనది గుంటూరు వైపు, బంగాళాదుంప అంటారు. మాది నిజామాబాద్, ఆలుగడ్డ అంటాం. పేరు దగ్గర ఇంట్లో ఎప్పుడూ రాజీ కుదరలేదు గానీ, ఇద్దరి జీతాలూ దాని పుణ్యమే.

నా పని ఒక శిలీంధ్రంతో. అది మట్టిలో మిరియాల పొడి లాంటి నల్లటి నలుసులుగా ఏళ్ల తరబడి నిద్రపోతుంది. వేరు వాసన తగలగానే లేచి, వేరులోకి దూరి, మొక్కలో నీళ్లు పైకెక్కే దారులు మూసేస్తుంది. దుంప ఊరాల్సిన వేసవి నడిమధ్యలో ఆకులు పసుపెక్కి, మొక్క ఒక పక్కకి వాలి ఎండిపోతుంది. చూసినవాళ్లు ఎవరైనా నీళ్లు చాలలేదనే అనుకుంటారు. నీళ్లు పెడతారు. మొక్క లేవదు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. ఈ శిలీంధ్రం ఒకటే జాతి, కానీ లోపల తెగలున్నాయి. మైక్రోస్కోప్ కింద పెట్టినా అన్నీ ఒకేలా కనిపిస్తాయి. ఒక తెగ బంగాళాదుంపని పడగొడుతుంది, పుదీనా జోలికి పెద్దగా పోదు. ఇంకో తెగ పుదీనాని చంపుతుంది, బంగాళాదుంప వేర్లో చేరినా చేసే నష్టం తక్కువ. ఇదంతా అప్పటికే చదువుకున్నవాళ్లకి తెలిసిన విషయమే. కానీ మేము రైతులకిచ్చే మట్టి రిపోర్టులో తెగ ప్రసక్తి ఉండేది కాదు. మట్టిలో శిలీంధ్రం మొత్తం ఎంత ఉందో ఒక అంకె వేసి ఇచ్చేవాళ్లం. తెగ తేల్చాలంటే వారాలు పట్టేది. ఎవరూ అడగలేదు, మేమూ చేయలేదు.

నేను చేరిన కొన్నేళ్లకి, ఒక జూలై చివర్లో ఒక బంగాళాదుంప రైతు సంచిలో మట్టి పట్టుకుని వచ్చాడు. నలభైకి కాస్త అటూ ఇటూ వయసు, పొడగరి. మాటలు తక్కువ. లోపలికి వచ్చేముందు బూట్లకున్న మట్టి గుమ్మం దగ్గర రాసుకుని వచ్చే మనిషి. బంగాళాదుంప వేసిన నేలలో మళ్లీ కొన్నేళ్లు బంగాళాదుంప వేయకూడదు కాబట్టి, అక్కడి రైతులు ఒకరి నేల ఒకరు కౌలుకి తీసుకుంటూ ఉంటారు. అతను ఆ ఏడు పక్క పొలం ఆవిడ దగ్గర ఒక పివట్ పొలం తీసుకున్నాడు. అంతకుముందు అందులో చాలా ఏళ్లుగా పుదీనా ఉండేది. ఇప్పుడు ఆ చక్రంలో దాదాపు సగం మొక్కలు పడిపోయాయి. మేము మట్టి పరీక్ష చేశాం, అంకె చాలా ఎక్కువ వచ్చింది. రిపోర్టు పట్టుకుని వెళ్లిపోయాడు.

వారం తిరక్కుండా ఆ పుదీనా ఆవిడ వచ్చింది. ఆవిడ గదిలోకి రాకముందే వాసన వచ్చింది. పుదీనా కోసి, ఆవిరి పట్టి నూనె తీసే రోజులవి. అక్కడ వేసేది మన పచ్చడి పుదీనా కాదు, టూత్‌పేస్టుల్లోకీ చూయింగ్ గమ్‌లోకీ నూనె ఇచ్చే దాని చుట్టం. ఆ నూనె వాసన బట్టలకీ జుట్టుకీ పట్టేస్తే ఒక పట్టాన వదలదు. యాభై అయిదేళ్లుంటాయి ఆవిడకి. భర్త పోయాక పొలం, నూనె తీసే బట్టీ అన్నీ తనే చూసుకునేది. చేతిలో మా రిపోర్టు కాపీ ఉంది. కౌంటర్ మీద పెట్టి, వేలితో ఆ అంకె చూపించింది.

"ఈ అంకె మీరు వేసిందేనా?"

"మా ల్యాబ్ వేసిందే," అన్నాను.

"తప్పా?"

"తప్పు కాదు."

"అయితే నేను రోగమున్న నేల దాచిపెట్టి ఇచ్చినట్టేనా? అతను అదే అంటున్నాడు. లాయర్ దగ్గరికి వెళ్తానంటున్నాడు. వెళ్లినా పర్లేదు. ఈ మాట నలుగురి నోట్లో పడితే రేపు నా నేల కౌలుకి ఎవరు తీసుకుంటారు?"

పుదీనాలో ఆ తెగులు ఉండేదా అని అడిగాను. ఉండేదని దాచకుండా చెప్పింది. అక్కడక్కడా మొక్కలు పోయేవి, అందుకే పుదీనా దున్నేసి నేల కౌలుకి ఇచ్చాను, ఆ సంగతి అతనికీ చెప్పాను అంది. అప్పుడు నేను తెగల గురించి చెప్పాను. మధ్యలో అడ్డు రాకుండా విని, ఒకటే అడిగింది.

"అంటే ఈ అంకెలో నా పుదీనాని చంపేది ఎంత, అతని బంగాళాదుంపని చంపేది ఎంత అనేది ఈ కాగితం చెప్పదు."

"చెప్పదు."

"చెప్పించే దారి ఉందా?"

ఉందన్నాను. ఆ మాట అనేశాక మా ల్యాబ్ పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఆయన జాగ్రత్త మనిషి. పెన్సిల్ చివర కొరుకుతూ ఆలోచిస్తాడు. ఆయన డ్రాయర్‌లో కొరకని పెన్సిల్ నేనెప్పుడూ చూడలేదు. మనం జడ్జీలం కాదు, రైతుల తగవుల్లో తలదూర్చిన ల్యాబ్‌లకి తర్వాత ఏ రైతూ మట్టి పంపడు అని ముందు చెప్పాడు. తర్వాత, మన అంకె వల్లే గొడవ మొదలైంది కాబట్టి ఊరుకోవడమూ బాగుండదు అన్నాడు. చివరికి షరతులు పెట్టాడు. ఇద్దరూ ఒప్పుకోవాలి. ఇద్దరికీ ఒకే రోజు, ఒకేచోట, ఒకే మాట చెప్పాలి.

"పరీక్ష ప్లేట్ ఎంత చెప్తే అంతే చెప్పు," అన్నాడు. "నీకు ఏమనిపిస్తోందో అది చెప్పకు."

బంగాళాదుంప రైతు ఫోన్‌లోనే ఒప్పుకున్నాడు. అతనికి గెలుస్తానని నమ్మకం.

ఆ పరీక్ష ఎలా చేస్తామో కొంచెం చెప్పాలి, ఓపిక పట్టండి. పొలమంతా కొలిచి, చక్రంలో అక్కడక్కడా మట్టి తీశాం, ఎండిన కాండాలు కోశాం. ప్రతి దాన్నుంచీ శిలీంధ్రాన్ని మూతలున్న చిన్న ప్లేట్లలో విడిగా పెంచాం. తర్వాత ప్రతి దాన్నీ ఒక మందు మీద పెంచి, ఏదో ఒక పోషకం వాడుకోలేని కుంటిదాన్ని చేస్తాం. కుంటిది అయినప్పుడు అది ప్లేట్ మీద పలచగా, ఉందా లేదా అన్నట్టు పాకుతుంది. దాని పక్కన, తెగ ముందే తెలిసిన ఇంకో కుంటిదాన్ని పెడతాం. రెండూ ఒకే తెగవైతే కలుసుకున్నచోట ఒకదానికొకటి అతుక్కుని, ఒకదానిలో లేనిది ఇంకోటి ఇచ్చుకుంటుంది. అక్కడ దట్టంగా తెల్లటి గీత లేస్తుంది. వేరే తెగలైతే పక్కపక్కనే ఉండి కూడా ఏమీ జరగదు. అంతే. గీత లేచిందా లేదా అని చూడటానికి ఎన్నో వారాలు ఎదురుచూడాలి.

ఆ ప్లేట్లన్నీ తయారుచేసింది మా టెక్నీషియన్. ఆవిడ తల్లిదండ్రులు మెక్సికో నుంచి వచ్చి అక్కడి ద్రాక్షతోటల్లో పనిచేశారు, ఆవిడ అక్కడే పుట్టింది. నాకంటే ముందునుంచే ల్యాబ్‌లో ఉంది. ప్లేట్ మూత ఎత్తినప్పుడు ఊపిరి బిగబట్టే అలవాటు నాకు ఆవిడ దగ్గరే వచ్చింది. రిటైరైన ఇన్నేళ్ల తర్వాత కూడా ఇడ్లీ గిన్నె మూత తీసేటప్పుడు ఊపిరి బిగబడతాను.

ఆ వారాల్లో ఒకసారి పుదీనా ఆవిడ నాకు ఒక పెద్ద కట్ట పుదీనా ఇచ్చింది. పరీక్ష చేస్తున్నవాళ్లు ఒక పక్కవాళ్ల దగ్గర ఏమీ తీసుకోకూడదు అని మొహమాటపడుతుంటే, "ఇది ఊరికే గట్టున మొలిచిన కలుపు, దీనికి కూడా లాయరా?" అంది. ఇంటికి తెచ్చి పచ్చడి చేశాను. మా ఆయన ఒక ముద్ద నోట్లో పెట్టుకుని కాసేపు ఆగి, "పళ్లు తోముకుని అన్నం తినడం విన్నాను గానీ, రెండూ ఒకేసారి చేయడం ఇదే మొదలు," అన్నారు. మిగిలిన కట్ట గుమ్మానికి వేలాడదీశాం.

ఇంకోవైపు నుంచి ఫోన్లు మొదలయ్యాయి. బంగాళాదుంప రైతుకి ఒక పంట సలహాదారు ఉండేవాడు. ఏ మందు కొట్టాలి, నీళ్లెప్పుడు పెట్టాలి అని చెప్పే ఉద్యోగం. మట్టిలో ఎక్కువ భాగం పుదీనా తెగే తేలుతోందని అతనికి ఎలాగో తెలిసింది. ఆ ఒక్క వాక్యం రాసిస్తే చాలు డాక్టర్, పుదీనా తెగులు నిండిన నేల అని కనపడుతుంది, అంతకు మించి మాకు అక్కర్లేదు అన్నాడు. పీహెచ్‌డీ ఉందని అక్కడ నన్ను డాక్టర్ అనేవాళ్లు. ఆ వాక్యం అబద్ధం కాదు. అదే దాంతో చిక్కు. రిపోర్టు మొత్తంగానే వస్తుంది, ముక్కలుగా రాదు అని ఫోన్ పెట్టేశాను. అలా అనడం తేలికేం కాదు. చిన్న ఊరు, అందరూ అందరికీ తెలుసు. మా ఆయన ఫ్యాక్టరీకి దుంపలు వేసేవాళ్లలో ఆ రైతు కూడా ఉన్నాడు.

అక్టోబర్ చివరికి గీతలన్నీ లేచాయి. మట్టిలో పుదీనా తెగ చక్రం అంతటా ఉంది. కానీ ఎండిన బంగాళాదుంప కాండాల్లో మాత్రం దాదాపు అన్నిట్లోనూ బంగాళాదుంప తెగే. అంటే మొక్కల్ని చంపింది పుదీనా పొలం జబ్బు కాదు. పుదీనా ఆవిడ అప్పుడే గెలిచినట్టు కాదు మళ్లీ. బంగాళాదుంప తెగ మట్టిలో కూడా ఉంది, చక్రానికి ఒక పక్కనే ఉంది. అది అక్కడికి ఎలా వచ్చింది? రైతు వేసిన విత్తనపు దుంపలతో వచ్చి ఉంటే తప్పు అతనిది. ముందునుంచీ నేలలో ఉంటే నేల ఇచ్చినావిడది. ప్లేట్ మీద గీత తెగ చెప్తుంది. ఎవరు మోసుకొచ్చారో చెప్పదు.

పెద్దాయన పెన్సిల్ కొరికి, కొరికి, "అంకెలు చదివితే ఇద్దరూ వాళ్లకి కావలసిందే వింటారు. పొలంలో జెండాలు పాతి చూపించు. కళ్లతో చూసినదాని మీద తగవు తక్కువ పడతారు," అన్నాడు. ఆయన మాత్రం రాలేదు. ఆ రోజు ఆయనకి పళ్ల డాక్టర్ దగ్గర అపాయింట్‌మెంట్ ఉందట. పెన్సిళ్ల మహిమ.

నవంబర్‌లో ఒక పొద్దున్న నేనూ టెక్నీషియనూ ముందే వెళ్లాం. దుంపలు తవ్వేసిన పొలం, బోడిగా ఉంది. గాలి చెవులు కోసేస్తోంది. మట్టి తీసిన చోట్లన్నీ జీపీఎస్‌లో ఉన్నాయి. బంగాళాదుంప తెగ దొరికిన చోట పసుపు జెండా, పుదీనా తెగ మాత్రమే ఉన్నచోట తెల్ల జెండా పాతాలి. ఆవిడ ఒక కొస నుంచి, నేను ఇంకో కొస నుంచి మొదలుపెట్టాం. తల వంచుకుని పాతుకుంటూ పోతున్నాను. ఉన్నట్టుండి ఆవిడ ఈల వేసింది. తలెత్తి చూస్తే, పసుపు జెండాలు ఒక పక్క, తెల్ల జెండాలు ఒక పక్క, మధ్యలో సరిహద్దు తాడు పట్టి గీసినట్టు తిన్నగా ఉంది.

నా చదువులో అలాంటిది ఎప్పుడూ చూడలేదు. శిలీంధ్రం మచ్చలుగా పాకుతుంది, నీళ్లు పారినవైపు, నాగలి లాగినవైపు పాకుతుంది. గుండ్రటి పొలాన్ని అడ్డంగా తిన్నటి గీతతో కోయదు. వేసవిలో ఎండిన మొక్కల్లో కూడా ఈ గీత కనపడలేదు, అవి మచ్చలు మచ్చలుగానే పోయాయి. విత్తనంతో వచ్చి ఉంటే పొలమంతా చల్లినట్టుండాలి. ఇద్దరం ఆ గీత పొడుగునా నడిచాం. అటూ ఇటూ మట్టి ఒకటే, వాలు ఒకటే. ఏమీ అర్థం కాలేదు.

కాసేపటికి వాళ్లు వచ్చారు. బంగాళాదుంప రైతు, అతని సలహాదారు ఒక ట్రక్కులో. పుదీనా ఆవిడ తన ట్రక్కులో. ఎవరూ ఎవరినీ పలకరించుకోలేదు. నేను చెప్పాల్సింది చెప్పాను. మీ మొక్కల్ని చంపింది ఇదీ, ఇది ఈ పక్కనే ఉంది, పుదీనా తెగ రెండు పక్కలా ఉంది. ఇది ఇక్కడికి ఎప్పుడు, ఎలా వచ్చిందో నా దగ్గర జవాబు లేదు. ఈ గీత ఎందుకు తిన్నగా ఉందో కూడా నాకు తెలియదు.

సలహాదారు వెంటనే అందుకున్నాడు. విత్తనం వల్ల కాదని ఈ గీతే చెప్తోంది కాబట్టి, నేలదే తప్పు, నేల ఆవిడది అన్నాడు. నిజానికి అతని తర్కంలో లోపం లేదు. పుదీనా ఆవిడ నా వైపు చూసింది. ఈ పొలం కొన్నాక పుదీనా తప్ప ఇంకేమీ వేయలేదు అని మాత్రం ఆవిడ అంది, మెల్లగా.

బంగాళాదుంప రైతు ఇదంతా వింటున్నట్టు లేడు. జెండాల గీత వెంట నడుచుకుంటూ వెళ్లాడు. మధ్యలో ఒకచోట ఆగి, రోడ్డు వైపు చూశాడు, వెనక ఉన్న చిన్న గుట్ట వైపు చూశాడు. మళ్లీ నడిచాడు. చివరిదాకా వెళ్లి, వెనక్కి వచ్చి మా దగ్గర నిలబడ్డాడు.

"ఇక్కడ ఒక కాలవ ఉండేది," అన్నాడు.

పుదీనా ఆవిడ అవునంది. పివట్ పెట్టేటప్పుడు తన భర్తే పూడ్పించి నేల చదును చేయించాడంది.

"కాలవకి ఈ పక్క," అని పసుపు జెండాలు చూపించాడు, "మా నాన్న కౌలుకి చేశాడు. నేను హైస్కూల్లో ఉన్నప్పుడు. మీరు కొనకముందు ఇది వేరేవాళ్లది. వరసగా కొన్నేళ్లు బంగాళాదుంపలే వేశాడు. అప్పుడు పివట్ లేదు, పైపులు చేత్తో మోసి మార్చేవాళ్లం. నేనే మోసేవాణ్ని."

సలహాదారు అతని మోచెయ్యి పట్టుకున్నాడు. "ఇరవై ఏళ్ల నాటి మాట. ఈ పొలమేనని నీకు గట్టిగా తెలుసా? తెలియకపోతే ఇప్పుడు చెప్పనక్కర్లేదు."

"ఇందాకటి దాకా తెలీదు," అన్నాడు అతను. "మొత్తం మార్చేశారు, పోల్చుకోలేకపోయాను. ఇప్పుడు తెలిసింది. తెలిశాక ఏం చేసుకోను?"

సలహాదారు వెళ్లి ట్రక్కులో కూర్చుని తలుపు వేసుకున్నాడు. ఇన్నేళ్లు ఇది మట్టిలో బతుకుతుందా అని పుదీనా ఆవిడ నన్ను అడిగింది. నలుసులు పదేళ్లు పైగా బతుకుతాయని తెలుసు, ఇరవై అంటే మాలో మాకే వాదన ఉంది అన్నాను. కానీ పుదీనా వరసల మధ్య కామంచి మొక్కలు మొలుస్తాయి. మా ఊళ్లో వాటి పళ్లు తింటూ పెరిగాం. బంగాళాదుంపకి అది సొంత చుట్టం. దాని వేళ్ల మీద ఈ తెగ హాయిగా కాలక్షేపం చేయగలదు. అదే జరిగిందని ప్రమాణం చేయను, జరగడానికి వీలుందని చెప్పగలను.

అప్పుడు ఆవిడ అతన్ని అడిగింది, తగవులా కాదు, ఒక రైతు ఇంకో రైతుని అడిగినట్టు.

"అప్పుడు పంట ఎలా ఉండేది?"

"మొదట్లో బాగుండేది. చివరి ఏడు సగం వేసవిలోనే ఎండిపోయింది," అన్నాడు. "నీళ్లు చాల్లేదన్నాడు నాన్న. నేను పైపులు సరిగ్గా మార్చలేదని. కుర్రాణ్ని కదా, ఒకటి రెండుసార్లు ఆలస్యం చేసిన మాట నిజమే. ఆ ఏడాదితో ఈ నేల వదిలేశాం. పంట నా వల్లే పోయిందని ఆయన చాలామందికి చెప్పాడు. నా పెళ్లిలో కూడా చెప్పాడు."

నవ్వాడు, కానీ అది నవ్వు కాదు. తర్వాత నా వైపు తిరిగాడు.

"డాక్టర్, నేను టైముకి మార్చినా అవి చచ్చేవేనా?"

ప్లేట్ చెప్పినంతే చెప్పమని పెద్దాయన మాట. ఇరవై ఏళ్ల కిందటి ఆ మొక్కల్ని నేను చూడలేదు. వాటి కాండం కోయలేదు. చూడని మొక్క గురించి ఏం చెప్తాను? అలాగని, నా ముందు నలభై ఏళ్ల మనిషి హైస్కూలు పిల్లాడి మొహం పెట్టుకుని నిలబడ్డాడు. చుట్టూ మా పసుపు జెండాలు గాలికి పటపటలాడుతున్నాయి.

"ఆ మొక్కల్ని నేను చూడలేదు," అన్నాను. "కానీ ఈ తెగ ఉన్న మట్టిలో పైపులు ఎవరు మార్చినా, ఎంత టైముకి మార్చినా, మొక్కలు అలాగే ఎండుతాయి. చూసేవాళ్లకి నీళ్లు చాలనట్టే కనిపిస్తాయి."

అతను తలూపాడు. టోపీ తీసి, మళ్లీ పెట్టుకున్నాడు. వంగి, దగ్గరలో ఉన్న జెండాలు పీకడం మొదలుపెట్టాడు. పుదీనా ఆవిడ రెండో పక్క నుంచి మొదలుపెట్టింది. మా పని వాళ్లే చేసేశారు. తిరిగి వచ్చేటప్పుడు కారు టెక్నీషియన్ నడిపింది. ఊరి దగ్గరికొచ్చాక, "లాయరు అయితే ఆ కాలవ గురించి ఎన్నటికీ అడిగి ఉండడు," అంది. నేనూ అడగలేదు కదా అన్నాను.

లాయర్ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. రైతు కౌలు కట్టాడని, దానికోసం ఆ చలికాలం ఒక పెద్ద యంత్రం అమ్మాడని మా ఆయనకి ఫ్యాక్టరీలో తెలిసింది. వాళ్లిద్దరూ కలిసిపోయి భోజనాలు చేశారని మీరు అనుకుంటే పొరపాటు. జనవరిలో కిరాణా కొట్టులో ఇద్దరూ ఎదురెదురు పడి, చెరో వరసలోకి బండి తిప్పుకోవడం నేనే చూశాను.

మా ల్యాబ్‌లో మాత్రం ఒక మార్పు వచ్చింది. పెద్దాయన మట్టి రిపోర్టులో అంకె కింద ఇంకో వాక్యం చేర్పించాడు: ఈ అంకెలో అన్ని తెగలూ కలిసి ఉన్నాయి, ఏ తెగ అన్నది వేరే పరీక్ష. రాసేటప్పుడు కామా దగ్గర నాతో గంటసేపు వాదించాడు.

మార్చిలో బంగాళాదుంప రైతు మట్టి సంచులతో వచ్చాడు. "ఎంత ఉందో కాదు, ఏది ఉందో చెప్పండి," అన్నాడు. ఎక్కడి మట్టి అని చూస్తే, అదే చక్రం, కాలవకి అవతలి పక్క. ఆ సగం ఆవిడ నాకు కౌలుకిస్తుందట, నిన్న ఫోన్ చేసి అడిగాను అన్నాడు. పివట్ గుండ్రంగా తిరుగుతుంది కదా, సగం చక్రం ఎలా ఇస్తుంది అని అడిగితే, కారు వైపర్‌లా సగం దాకా వెళ్లి వెనక్కి వచ్చేట్టు పెట్టుకోవచ్చన్నాడు. ఆవిడ ఒక షరతు పెట్టిందట, డాక్టర్ సరేనంటేనే అని.

ఆ మాట విని నాకు నిద్ర పట్టలేదు. ఆ సగంలో పుదీనా తెగ నిండుగా ఉంది. అంకె ఒక్కటే చూసేవాళ్లు ఎవరూ అక్కడ బంగాళాదుంప వేయరు, అందులోనూ వరసగా రెండో ఏడు. వేయొచ్చు అని నేనంటే, నేను ప్లేట్ మీద చూసినదాని మీద ఒక మనిషి ఏడాది పెడతాడు. పరీక్ష మళ్లీ చేశాం, బంగాళాదుంప తెగ ఒక్కచోట కూడా దొరకలేదు. దొరకలేదు అంటే లేదు అని కాదు, అని అతనికి రెండుసార్లు చెప్పాను. "నాకు ఈ ఊళ్లో దొరికే నేలల్లో ఇంతకన్నా బాగా తెలిసిన నేల ఏదీ లేదు," అన్నాడు. పెద్దాయనకి చెప్తే, "పచ్చగా ఉంటే ఒక రీసెర్చ్ పేపర్ రాయి. ఎండితే ఇంకా మంచి పేపర్ రాయొచ్చు," అన్నాడు. ఆయన హాస్యం నాకెప్పుడూ ఆలస్యంగానే అర్థమయ్యేది.

జూన్ బాగానే గడిచింది. జూలైలో ప్రతి ఆదివారం ఏదో వంకతో ఆ రోడ్డు మీదుగా వెళ్లేవాళ్లం. మా ఆయన ఏమీ అడగకుండా అక్కడ కారు స్లో చేసేవారు. నేను అద్దం దించి చూసేదాన్ని. పచ్చగా ఉండేది. మళ్లీ ఆదివారం దాకా ఊపిరి.

ఆగస్టు నెలాఖరుకి రైతు ఫోన్ చేసి, ఒకసారి వచ్చి చూడమన్నాడు. ఉన్నపళంగా వెళ్లాను. అతను గట్టు మీద నిలబడి ఉన్నాడు. సగం చక్రం మోకాలెత్తు పచ్చగా, ఆకుల కింద నేల కనపడకుండా ఉంది. అక్కడక్కడా ఒకటి రెండు పసుపు ఆకులు ఉన్నాయి, ఆ కాలానికి అది మామూలే. లోపలికి నడిచి చాలా మొక్కలు చూశాను. కాండాలు కోసి చూశాను, గోధుమరంగు చారలు లేవు. దుంపలు ఎలా ఊరాయి అని అడిగాను.

"బాగా ఊరాయి. మిమ్మల్ని పిలిచింది దానికి కాదు," అన్నాడు. "నిన్న నాన్నని తీసుకొచ్చాను."

వాళ్ల నాన్న ఊళ్లో వృద్ధుల హోమ్‌లో ఉన్నాడు. అంతకుముందు చలికాలమే అతను వెళ్లి, కాలవ సంగతి, తెగల సంగతి, పైపుల వల్ల కాదన్న సంగతి అంతా చెప్పాడట. ఆ ముసలాయన విన్నాడట గానీ ఏమీ అనలేదట. నిన్న ట్రక్కులో కూర్చోబెట్టుకుని ఇక్కడికి తెచ్చాడు. దిగలేకపోయాడు, అద్దం దించి చూశాడు. గుట్టని పోల్చుకున్నాడు, రోడ్డుని పోల్చుకున్నాడు. ఆకుల్ని చాలాసేపు చూశాడు.

"ఏమన్నారు?" అని అడిగాను.

రైతు పొలం వైపే చూస్తూ చెప్పాడు.

"'ఈసారి నీళ్లు బాగా పెట్టావురా,' అన్నాడు."

నా శాస్త్రం ప్రకారం ఆ మాట పూర్తిగా తప్పు. నీళ్లతో దానికి సంబంధం లేదని ఏడాదిగా రుజువు చేస్తున్నది నేనే. ఆయనకి మళ్లీ వివరించి చెప్పావా అని అడగబోయి, అతని మొహం చూసి ఊరుకున్నాను.